వరద లెక్కల కోసం ఇంటి కంప్యూటర్‌కు గణన కార్డు: కొనకముందు నుంచి మొదటి రాత్రి దాకా

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని పారే నాగావళి గట్టు దాటితే నీరు ఏ వైపు ఎన్ని గంటలకు, ఎంత లోతున చేరుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టే పనిని మా విద్యార్థులతో కలిసి కొన్నేళ్లుగా చేస్తున్నాను. నేలను పది మీటర్ల గళ్లుగా విడగొట్టి మూడు రోజుల వరదను నడిపిస్తే మామూలు డెస్క్‌టాప్‌కు ఒక పగలంతా పట్టేది. గళ్లను ఐదు మీటర్లకు కుదిస్తే రెండు రోజులు దాటిపోయేది. వాయుగుండం బంగాళాఖాతంలో ఉండగానే జవాబు కావలసిన లెక్కకు రెండు రోజులు పడితే ఆ లెక్క ఎవరికీ పనికిరాదు. అందుకే అదే కంప్యూటర్‌లో ఒక గ్రాఫిక్స్ కార్డును గణన కోసం అమర్చుకున్నాం. మా జిల్లాలోనూ, పక్కన విజయనగరంలోనూ ఇంజనీరింగ్ చదువుతున్నవారు, పరిశోధన చేస్తున్నవారు ఇదే పని తలపెట్టినప్పుడు మమ్మల్ని అడిగే ప్రశ్నలకు జవాబుగా ఈ వివరాలన్నీ ఒక క్రమంలో రాస్తున్నాను. ఉదాహరణలు వరదవే అయినా, వాతావరణం, పదార్థాల బలం, చిత్రాల విశ్లేషణ వంటి ఏ భారీ లెక్కకైనా ఈ క్రమం వర్తిస్తుంది.

ప్రధాన ప్రాసెసర్ పక్కన మరొక గణన చిప్పును పెట్టుకోవడం కొత్త ఆలోచన కాదు. 1980లో ఇంటెల్ 8087 అనే గణిత సహప్రాసెసర్‌ను తెచ్చింది. 1981 నాటి ఐబీఎం పీసీ మదర్‌బోర్డు మీద దానికోసమే ఒక ఖాళీ సాకెట్ ఉండేది. దశాంశ సంఖ్యల గుణకార భాగహారాలను ప్రధాన చిప్పు దానికి అప్పగించేది. 1989లో వచ్చిన 486తో ఆ గణిత భాగం ప్రాసెసర్ లోపలికే చేరిపోయింది. ఆ తరువాత 2006లో ఎన్విడియా సంస్థ కుడా (CUDA) అనే పద్ధతిని ప్రకటించి, ఆటల బొమ్మల కోసం తయారైన గ్రాఫిక్స్ చిప్పుతో శాస్త్రీయ గణన చేయించే దారి తెరిచింది. నేడు సహప్రాసెసర్ అంటే ఆచరణలో ఈ కార్డే. అయితే పాత 8087కూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది: 8087 ప్రధాన ప్రాసెసర్ వాడే జ్ఞాపకశక్తినే (మెమరీనే) వాడుకునేది, ఈ కార్డుకు మాత్రం సొంత జ్ఞాపకశక్తి ఉంటుంది. డేటా అక్కడ ఉన్నంతసేపే వేగం; అక్కడి నుంచి ఇక్కడికీ ఇక్కడి నుంచి అక్కడికీ మోస్తూ ఉంటే వేగం దారిలోనే ఖర్చయిపోతుంది. ఈ మాటను కార్డు ఎంపిక నుంచి ప్రోగ్రాము రాత దాకా ప్రతి దశలోనూ గుర్తు పెట్టుకోవాలి.

మొదటి అడుగు: మీ లెక్కను మీరు కొలవండి

కార్డు ధరలు చూడటానికి ముందు కాగితం, కలం తీసుకుని కూర్చోండి. మొదట మీ ప్రోగ్రాములో ఏ భాగం ఎంత సమయం తింటున్నదో ప్రొఫైలర్‌తో కొలవాలి. మొత్తం సమయంలో 90 శాతం మాత్రమే సమాంతరంగా, అంటే అనేక భాగాలుగా ఒకేసారి చేయదగిన లెక్క అయితే, ఎంత గొప్ప కార్డు పెట్టినా మొత్తం వేగం 10 రెట్లు మించదు, ఎందుకంటే మిగిలిన 10 శాతం అలాగే ఉండిపోతుంది. దీన్నే ఆమ్డాల్ సూత్రం అంటారు. 1967 నాటి మాట ఇది, ఇప్పటికీ చెల్లుతుంది. ఫైళ్లు చదవడంలో, ఫలితాలు డిస్కుకు రాయడంలో సగం సమయం పోతున్న ప్రోగ్రాముకు కావలసింది కార్డు కాదు, మంచి ఎస్‌ఎస్‌డీ, అంటే వేగంగా చదివి రాసే డిస్కు.

తరువాత జ్ఞాపకశక్తి లెక్క. మా ఉదాహరణనే తీసుకుంటే, 25 కిలోమీటర్ల పొడవు, 16 కిలోమీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతాన్ని 10 మీటర్ల గళ్లుగా చేస్తే 40 లక్షల గళ్లు వస్తాయి. ఒక్కొక్క గడికి నీటి లోతు, రెండు దిశల ప్రవాహం, నేల ఎత్తు, నేల గరుకుదనం, ఆపైన తరువాతి క్షణానికి చెందిన మూడు కొత్త విలువలు కలిపి 8 సంఖ్యలు కావాలి. ఒక్కొక్క సంఖ్యకు 4 బైట్లు చొప్పున మొత్తం 128 మెగాబైట్లు. గళ్లను 2 మీటర్లకు కుదిస్తే 10 కోట్ల గళ్లకు 3.2 గిగాబైట్లు అవసరమవుతాయి. మధ్యలో పుట్టే తాత్కాలిక పట్టికలకు దీనికి రెండు మూడు రెట్లు అదనంగా వదలాలి. ఈ లెక్క వేసుకున్నవారు 12 గిగాబైట్ల కార్డు సరిపోతుందో లేదో దుకాణదారుణ్ణి అడగనక్కరలేదు.

ఇక వేగం అంచనా. వరద లెక్కలో ప్రతి గడి దగ్గర చేసే కూడికలు, గుణకారాలు కొద్దివే. సమయమంతా సంఖ్యలను జ్ఞాపకశక్తి నుంచి తేవడంలో, తిరిగి పెట్టడంలో పోతుంది. కాబట్టి పోల్చవలసింది కార్డు పెట్టె మీద రాసిన లక్షల కోట్ల గణనల అంకెను కాదు, జ్ఞాపకశక్తి వేగాన్ని. రెండు వరసల్లో అమర్చిన డీడీఆర్4-3200 ర్యామ్ సెకనుకు గరిష్ఠంగా 51.2 గిగాబైట్లు అందిస్తుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 అనే 12 గిగాబైట్ల కార్డులో ఆ వేగం 360 గిగాబైట్లు. అంటే ఇటువంటి లెక్కకు సుమారు 7 రెట్ల వేగాన్ని న్యాయంగా ఆశించవచ్చు. వంద రెట్లు వస్తుందని ఎవరైనా చెబితే వారి లెక్క వేరే జాతిదై ఉండాలి, లేదా వారు పోల్చిన పాత ప్రోగ్రాము సరిగా రాసినది కాకపోయి ఉండాలి.

ఈ ఏడు రెట్లు తక్కువేమీ కాదు. నీరు 10 మీటర్ల గడిని దాటే వేగాన్ని బట్టి, 6 మీటర్ల లోతున్న ప్రవాహానికి కాలపు అడుగు, అంటే ఒక లెక్కకూ తరువాతి లెక్కకూ మధ్య ఉంచే వ్యవధి, సుమారు అర సెకను ఉండాలి. మూడు రోజులకు 5 లక్షల 18 వేల అడుగులు అవుతాయి. మామూలుగా రాసిన ప్రోగ్రాము ఒక్కొక్క అడుగులో సుమారు రెండున్నర గిగాబైట్లను అటూ ఇటూ కదిలిస్తుందనుకుంటే, ర్యామ్ వేగంతో 7 గంటలు, కార్డు వేగంతో ఒక గంట. గళ్లను 5 మీటర్లు చేస్తే గళ్లు నాలుగింతలై, కాలపు అడుగు సగమై, పని మొత్తం 8 రెట్లవుతుంది: ఒకవైపు 56 గంటలు, మరోవైపు 8 గంటలు. సాయంత్రం మొదలుపెడితే తెల్లవారేసరికి జవాబు చేతికి వస్తుందన్నమాట. మేము కార్డు కొనాలని నిశ్చయించుకున్నది ఈ అంకెను చూసే.

రెండో అడుగు: కొనకముందే ఒక పరీక్ష

ఇంటర్నెట్ ద్వారా గూగుల్ కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు నడుపుకునే కొలాబ్ అనే సేవలో అందుబాటును బట్టి టీ4 అనే కార్డు ఉచితంగా దొరుకుతుంది. దానికి 16 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, సెకనుకు 320 గిగాబైట్ల వేగం ఉన్నాయి కనుక, మన లెక్క వంటివాటికి అది పైన చెప్పిన 3060కు దగ్గరగా ఉంటుంది. మీ ప్రోగ్రాములోని ముఖ్య భాగాన్ని అక్కడ ఒక చిన్న ప్రాంతానికి నడిపి చూడండి. అక్కడ లాభం కనిపించకపోతే ఇంట్లో కార్డు పెట్టినా కనిపించదు. ఈ ఒక్క పూట పని చాలామందికి వేల రూపాయలు మిగులుస్తుంది.

మూడో అడుగు: కార్డు ఎంపిక

ముందుగా తేల్చుకోవలసింది సంఖ్యల ఖచ్చితత్వం. ఏకఖచ్చితత్వపు సంఖ్యకు 4 బైట్లు, సుమారు 7 అంకెల నమ్మకం. ద్విఖచ్చితత్వపు సంఖ్యకు 8 బైట్లు, సుమారు 16 అంకెల నమ్మకం. ఆటల కోసం అమ్మే కార్డుల్లో ద్విఖచ్చితత్వపు లెక్కను కావాలనే తగ్గించి ఉంచారు. 3060 తరంలో అది ఏకఖచ్చితత్వపు వేగంలో 64వ వంతు. మీ లెక్క నిజంగా ద్విఖచ్చితత్వం మీదే నడవాలంటే ఇటువంటి కార్డు మీకు తగదు. ఎన్విడియా సర్వర్ల కోసం చేసిన కార్డుల్లో 2016 నాటి టెస్లా పీ100లో ద్విఖచ్చితత్వం ఏకఖచ్చితత్వంలో సగం వేగంతో నడుస్తుంది. అదే ఏడాది వచ్చిన టెస్లా పీ40లో మాత్రం 32వ వంతే. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకటి అనుకుని మరొకటి కొనవద్దు.

పెద్ద సంస్థల సర్వర్ల నుంచి తీసివేసిన ఇటువంటి కార్డులు 24 గిగాబైట్ల జ్ఞాపకశక్తితో చవకగా కనిపిస్తాయి. వాటిని కొనాలనుకునేవారికి నాలుగు సంగతులు చెప్పాలి. మొదటిది, వాటికి సొంత ఫ్యాన్ ఉండదు. సర్వర్ పెట్టెలోని బలమైన గాలిని నమ్ముకుని తయారైనవి అవి, ఇంటి క్యాబినెట్‌లో పెడితే కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి నెమ్మదిస్తాయి. రెండోది, పీ40, కే80 వంటివాటి కరెంటు కనెక్టరు ప్రాసెసర్‌కు ఇచ్చే 8 పిన్నుల రకం, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 8 పిన్నుల రకం కాదు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కానీ ధన, భూమి తీగల స్థానాలు తారుమారుగా ఉంటాయి. బలవంతంగా గుచ్చితే కార్డుతో పాటు, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కూడా పోవచ్చు. మూడోది, కొత్త సాఫ్ట్‌వేరు పాత చిప్పులను వదిలేస్తూ పోతుంది: 2014 నాటి కే80కి కుడా 11తోనే మద్దతు ముగిసింది, పీ40, పీ100లు చెందిన పాస్కల్ తరానికి కుడా 13 మద్దతు ఇవ్వదు. ఇంటెల్ 2012లో తెచ్చిన జియాన్ ఫై కార్డులు కూడా ఇప్పుడు అతి చవకగా దొరుకుతాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేరైన డ్రైవర్‌ను లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం (కెర్నెల్) నుంచే తొలగించారు కనుక వాటి జోలికి పోవద్దని మా విద్యార్థులకు గట్టిగా చెబుతాను. నాలుగోది, అమ్మేవారి ఎదుట ఒక అరగంట పూర్తి భారంతో నడిపించి చూడనిదే డబ్బు చేతిలో పెట్టవద్దు.

ఏఎమ్‌డీ, ఇంటెల్ కార్డులతో కూడా గణన సాధ్యమే. అయితే మీరు వాడే సాఫ్ట్‌వేరు ఆ నిర్దిష్ట మోడల్‌కు మద్దతు ఇస్తుందో లేదో ముందే చూసుకోవాలి. తొలిసారి చేస్తున్నవారికి ఫ్యాన్లున్న, 12 గిగాబైట్లున్న మధ్యరకం ఎన్విడియా కార్డే మేలని నా అభిప్రాయం; సందేహం వచ్చినప్పుడు అడగడానికి పక్కన మనిషి దొరుకుతాడు.

నాలుగో అడుగు: కంప్యూటర్ సిద్ధంగా ఉందా

క్యాబినెట్ తలుపు తీసి టేపుతో కొలవండి. కార్డు పొడవుకు మించి కనీసం రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు కింద మరొక కార్డు ఉంటే ఫ్యాన్‌కు గాలి అందదు. మదర్‌బోర్డులో కార్డులు గుచ్చే పొడవైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు రెండున్నా, వాటిలో ఒకటి లోపల నాలుగు వరసల తీగలతోనే పనిచేసేది కావచ్చు. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న స్లాటే సాధారణంగా పూర్తి 16 వరసలది. పెద్ద జ్ఞాపకశక్తి ఉన్న సర్వర్ కార్డులకు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాములో) 4 గిగాబైట్లకు పైనున్న చిరునామాలను అనుమతించే అమరిక ఉండాలి. పాత బోర్డుల్లో ఆ అమరికే లేకపోతే కార్డు పెట్టాక కంప్యూటర్ తెర కూడా వెలగదు. ఆ మాట కార్డు కొన్న తరువాత తెలియకూడదు.

ఐదో అడుగు: కరెంటు, ఎర్తింగ్

మా ప్రాంతంలో ఈ అడుగు దగ్గరే ఎక్కువమంది నష్టపోతున్నారు కనుక దీన్ని వివరంగా చెబుతాను.

స్లాటు నుంచి కార్డుకు 75 వాట్ల దాకా వస్తుంది. 6 పిన్నుల తీగ మరో 75, 8 పిన్నుల తీగ 150 వాట్లు ఇస్తాయి. 3060 కార్డు 170 వాట్లు తీసుకుంటుంది. ప్రాసెసర్‌కు 100, మిగతా భాగాలకు 50 వేసుకుంటే 320 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ రాత్రంతా తన పరిమితి అంచున నడవకూడదు కనుక 550 వాట్లది, పేరున్న తయారీది పెట్టుకోవాలి. పెట్టెతో పాటు ఉచితంగా వచ్చే తేలికపాటి ఎస్‌ఎంపీఎస్ మీద 500 అని రాసి ఉన్నా దాన్ని నమ్మవద్దు. దాని మీద అంటించిన చీటీలో 12 వోల్టుల వరసకు ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి, 12తో గుణిస్తే అసలు సంగతి తెలుస్తుంది. హార్డ్‌డిస్క్ తీగలను 8 పిన్నులుగా మార్చే అడాప్టర్లను గంటల తరబడి నడిచే లెక్కకు వాడవద్దు, అవి కరిగిన సందర్భాలున్నాయి.

కంప్యూటర్ క్యాబినెట్ అంచున వేలు ఆనిస్తే సన్నగా జివ్వుమనడం మన ఇళ్లలో చాలామందికి అనుభవమే. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు తీగల నుంచి పెట్టెకు కలిపి ఉండే చిన్న కెపాసిటర్లే దానికి కారణం. ఎర్తింగ్ సరిగా ఉంటే ఆ కొద్దిపాటి విద్యుత్తు భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె సగం వోల్టేజీ దగ్గర తేలుతూ ఉంటుంది. మనిషికి అది జివ్వుమనడమే కావచ్చు, కానీ మానిటర్ తీగ గుచ్చే క్షణంలో ఆ తేడా కార్డు మీది చిప్పుల గుండా పోవచ్చు. మా మొదటి కార్డు పెట్టకముందు ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్‌తో చూస్తే 38 వోల్టులు కనిపించాయి. అది రెండు మూడు వోల్టులు దాటకూడదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే వెనక పెరట్లోకి వెళ్లి చూసి, "గొయ్యి తీసి పదేళ్లయింది కదా మేస్టారూ, నీళ్లు పొయ్యకపోతే ఎర్తు ఏటి పన్జేస్తాది" అన్నాడు. బొగ్గు, ఉప్పు వేసిన పాత గొయ్యి ఎండిపోయి, తీగ బిగించిన బోల్టు తుప్పుపట్టి పొడిగా రాలుతోంది. బోల్టు మార్చి, గొయ్యికి కొత్త బొగ్గు, ఉప్పు వేసి నీరు పోశాక అంకె ఒకటిన్నరకు దిగింది. సముద్రపు గాలి తగిలే కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఊళ్లలో ఈ బోల్టులను ఏటేటా చూసుకోవడం అవసరం. వోల్టేజీ కొలతలు తెలిసినవారి చేతే చేయించండి.

తరువాతిది బ్యాకప్. 600 వీఏ అని అమ్మే చాలా యూపీఎస్‌ల నిజ సామర్థ్యం 360 వాట్లే, అదీ కొద్ది నిమిషాలకే. 1000 వీఏ, 600 వాట్లది ఉంటే లెక్కను భద్రంగా ఆపే వ్యవధి దొరుకుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ తరంగం ఇచ్చే రకమై ఉండాలి. చదరపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టర్ల మీద మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని గుర్రుమంటాయి, కొన్ని ఆగిపోతాయి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లున్నా, నష్టాలు, బ్యాటరీ ఆయుష్షు చూసుకుంటే సగమే వాడదగినది; 300 వాట్ల భారానికి అది మూడు గంటలు. 2018 అక్టోబరులో పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి వేళ ఏ బ్యాటరీ చాలదు. అప్పటికి లెక్క ముగిసి ఉండాలి, లేదా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి తిరిగి మొదలుపెట్టేలా రాసి ఉండాలి. ఆ సంగతి చివరి అడుగులో చెబుతాను.

ఆరో అడుగు: అమర్చడం

ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను ఐదు సెకన్లు నొక్కి, ఇనుప క్యాబినెట్‌ను చేత్తో తాకండి. స్లాటు ఎదురుగా ఉన్న వెనక రేకులు రెండు తీసివేయండి. వాడిన కార్డు అయితే దాని బంగారు పూత అంచును వెలుగులో పెట్టి చూడండి. నల్లటి మచ్చలుంటే తెల్లటి పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో తుడిచి ఆరనివ్వండి. కార్డును రెండు చేతులతో అంచుల దగ్గర పట్టుకుని స్లాటు మీద నిటారుగా ఆనించి, రెండు చివరలా సమానంగా నొక్కితే స్లాటు చివరి ప్లాస్టిక్ కొక్కెం టక్కుమని పడుతుంది. ఆ చప్పుడు వినిపించకపోతే కార్డు పూర్తిగా దిగలేదన్నమాట. వెనక స్క్రూలు బిగించాక కార్డు ముందు కొన బరువుకు కిందికి వంగుతుంటే ఒక ఆధారం పెట్టండి. పిమ్మట కరెంటు తీగ గుచ్చి, దాని గొళ్లెం పడిందో లేదో వేలితో తడిమి చూడండి.

ప్రాసెసర్‌లోనే బొమ్మల భాగం ఉన్నవారు మానిటర్‌ను మదర్‌బోర్డుకే కలపడం మంచిది. అప్పుడు కార్డు మొత్తం లెక్కకే మిగులుతుంది. విండోస్‌లో అయితే తెరను నడిపే కార్డు మీద ఒకే గణన రెండు సెకన్లు దాటితే డ్రైవర్‌ను వ్యవస్థే మళ్లీ మొదలుపెడుతుంది, లెక్క మధ్యలో పోతుంది.

ఏడో అడుగు: డ్రైవర్

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో అదనపు డ్రైవర్ల పట్టికలో సిఫారసు చేసినదాన్ని ఎంచుకుంటే చాలు. గుర్తింపు ఉన్న సాఫ్ట్‌వేరునే ఎక్కనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, ఒక సంకేతపదం పెట్టమని అడిగి, తిరిగి మొదలైనప్పుడు నీలి తెర మీద ఆ తాళాన్ని నమోదు చేయమంటుంది. ఆ తెర కొద్ది సెకన్లే ఉంటుంది. దాన్ని దాటవేస్తే డ్రైవర్ ఎక్కదు, చాలామంది కార్డు చెడిందని భ్రమపడేది ఇక్కడే. ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ అనే ఆదేశం ఇస్తే కార్డు పేరు, ఉష్ణోగ్రత, వాట్లు, జ్ఞాపకశక్తి కనిపించాలి. పైథాన్ తెలిసినవారికి కూపై అనే లైబ్రరీ సులువైన ద్వారం: పైథాన్‌లో పట్టికల లెక్కలకు వాడే నంపై లైబ్రరీతో రాసిన పట్టికల లెక్కలు దాదాపు అవే పేర్లతో కార్డు మీద నడుస్తాయి.

ఎనిమిదో అడుగు: జవాబు సరైనదేనా, వేగం నిజమేనా

మా విద్యార్థిని ఒకమ్మాయి మొదటిరోజే రెండు వందల రెట్ల వేగం వచ్చిందని సంతోషంగా చూపించింది. ఆమె గడియారం కొలిచింది లెక్కను కాదు, లెక్కను కార్డుకు అప్పగించడాన్ని. ప్రాసెసర్ పనిని కార్డు వరసలో పెట్టి వెంటనే తన దారిన ముందుకు పోతుంది. కార్డు పని ముగించేదాకా ఆగమని స్పష్టంగా చెప్పిన తరువాతే గడియారం ఆపాలి. మొదటి పరుగులో లోపలి ప్రోగ్రాములు కంపైల్ అవుతాయి కనుక ఆ సమయాన్ని వదిలేసి, తరువాతి పరుగుల సగటు తీసుకోవాలి. అలా కొలిస్తే మాకు వచ్చింది ఆరు రెట్లు. కాగితం మీద వేసిన ఏడుకు దగ్గరగా ఉంది కనుక ఆ అంకెను నమ్మాం.

డేటాను మోయడం వల్ల కలిగే నష్టం ఎంతో కూడా చూడండి. 10 మీటర్ల గళ్లకు ఒక్కొక్క పట్టిక 16 మెగాబైట్లు. ప్రతి అడుగులోనూ మూడు పట్టికలను ర్యామ్‌కు తెచ్చి మళ్లీ పంపితే 96 మెగాబైట్లు; మూడో తరం పీసీఐ దారిలో ఆచరణలో సెకనుకు సుమారు 12 గిగాబైట్లు నడుస్తాయి కనుక 8 మిల్లీసెకన్లు పోతాయి. అసలు లెక్కకు పట్టేది 7 మిల్లీసెకన్లే. తెర మీద బొమ్మ చూడాలన్న ఒక్క కోరికతో సగానికి పైగా వేగం పోగొట్టుకుంటాం. వెయ్యి అడుగులకు ఒకసారి తెచ్చుకుంటే ఆ నష్టం లెక్కలోకే రాదు.

ఏకఖచ్చితత్వంలో మరొక ప్రమాదం ఉంది. మా తొలి లెక్కలో ఎగువ కొండవాలుల మీద కురిసిన వాన నదికి చేరనే లేదు, ఎంత కురిపించినా గడ్డలు (వాగులు) పొడిగానే ఉన్నాయి. ప్రోగ్రాము తప్పని రెండు వారాలు వెతికాం. అసలు కారణం సంఖ్యల్లో ఉంది. మేము నీటి మట్టాన్ని, అంటే నేల ఎత్తు, లోతు కలిపిన విలువను దాచేవాళ్లం. 200 మీటర్ల ఎత్తు దగ్గర ఏకఖచ్చితత్వపు సంఖ్య గుర్తించగల అతిచిన్న తేడా 0.015 మిల్లీమీటర్లు. గంటకు 20 మిల్లీమీటర్ల వాన అర సెకనులో కలిపేది 0.003 మిల్లీమీటర్ల లోపే. కలిపిన ప్రతిసారీ అది గుండుసున్నా అయిపోయింది. నేల ఎత్తును వేరుగా, నీటి లోతును వేరుగా దాచడంతో అదే ఏకఖచ్చితత్వంలో వాన వానలా నిలిచింది. మీ లెక్క ఏదైనా సరే, పెద్ద సంఖ్యకు అతిచిన్న సంఖ్యను లక్షలసార్లు కలుపుతున్న చోటు ఉందేమో వెతకండి. మొదట చిన్న ప్రాంతానికి ప్రాసెసర్ మీద ద్విఖచ్చితత్వంతో నడిపి, ఆ జవాబుతో కార్డు జవాబును గడి గడికీ పోల్చండి. లోపలికి వచ్చిన నీరు, బయటికి పోయిన నీరు, మిగిలిన నీరు మూడూ సరిపోవాలి.

తొమ్మిదో అడుగు: వేడి, రాత్రి లెక్క

మే నెల మధ్యాహ్నం గదిలో 38 డిగ్రీలుంటే కార్డు దానికి పైన నలభై, యాభై డిగ్రీలు ఎక్కుతుంది. క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి, ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి పోయేలా ఫ్యాన్లు పెట్టండి. కార్డు వాడే వాట్లకు పైపరిమితి పెట్టడం ఇంకా మంచి ఉపాయం. మన లెక్కకు జ్ఞాపకశక్తి వేగమే ముఖ్యం కనుక 170 వాట్ల కార్డును 130కి దించినా మాకు వేగం కొద్దిగానే తగ్గింది, ఉష్ణోగ్రత మాత్రం బాగా దిగింది. నెలకొకసారి దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి అతివేగంగా తిరిగితే దాని బేరింగు పాడవుతుంది.

లెక్క మధ్యలో స్థితిని డిస్కుకు రాయించడం ప్రోగ్రాములో మొదటి నుంచే ఉండాలి. 5 మీటర్ల గళ్లకు లోతు, రెండు ప్రవాహాలు కలిపి 192 మెగాబైట్లు. ఎస్‌ఎస్‌డీకి అది ఒకటి రెండు సెకన్ల పని. పావుగంటకొకసారి కొత్త పేరుతో పూర్తిగా రాసి, రాయడం ముగిశాకే పాత ఫైలు పేరుకు మార్చండి. నేరుగా పాత ఫైలు మీదే రాస్తుండగా కరెంటు పోతే పాతదీ కొత్తదీ రెండూ పోతాయి. చివరి రెండు స్థితులను ఎప్పుడూ ఉంచండి. నిజమైన లెక్కకు ముందు ఒకసారి కావాలనే మధ్యలో ఆపి, తిరిగి మొదలుపెట్టి, ఆగకుండా నడిపిన లెక్కతో జవాబు కలుస్తుందో చూడండి.

మొదటి రాత్రి పెట్టే లెక్క మీకు జవాబు ముందే తెలిసిన చిన్న వరద అయితే మంచిది. పడుకోబోయే ముందు అరగంట కూర్చుని ఉష్ణోగ్రత ఒకచోట స్థిరపడిందో లేదో గమనించండి. ఇంకా ఎక్కుతూనే ఉంటే వాట్లు మరో పది తగ్గించండి. ఉష్ణోగ్రత, వాట్లు, నీటి నిల్వ నిమిషానికొకసారి ఒక ఫైలులోకి చేరేలా పెట్టి, ఉదయం లేవగానే వరద పటం కంటే ముందు ఆ ఫైలును తెరవండి. నీటి లెక్క మొదటి గంటలో ఎలా సరిపోయిందో చివరి గంటలోనూ అలాగే సరిపోతేనే పటాన్ని మరొకరికి చూపించండి.